ద్వారం దగ్గర నిలబడ్డ తమ్ముడు: చూళపంథక థేరుని జీవితం



ఆదివారం వందనకు మన విహారాలకు పిల్లలు వస్తారు. ఒక్కొక్కరి చేత పంచశీల చెప్పిస్తాం. ఒకడు గడగడా అప్పజెప్తాడు. ఇంకొకడికి రెండో శీలం దగ్గరే నాలుక తడబడుతుంది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వుతారు. పిల్లలే కదా అని మనం ఊరుకుంటాం. పై వారం ఆ తడబడ్డ పిల్లవాడు రాడు. ఎందుకు రాలేదో మనం అడగం.

అలాంటి ఒక పిల్లవాడి జీవితమే ఇది. 2,500 ఏళ్ల కిందట మగధ రాజధాని రాజగృహంలో పెరిగిన చూళపంథకుడు బుద్ధ భగవానుని పేరుగన్న శిష్యుల్లో ఒకడు. అంతకుముందు అందరి చేతా మొద్దు అనిపించుకున్నవాడు.

దారిలో పుట్టినవాడు

ఆయన తల్లి రాజగృహంలో ఒక గొప్ప శ్రేష్ఠి కూతురు. తండ్రి అదే ఇంట్లో దాసుడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. తెలిస్తే ప్రాణాలు దక్కవని ఊరు విడిచి పారిపోయారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పరువు హత్యకు భయపడి పోయినవాళ్లు. కాన్పుకు పుట్టింటికి వెళ్దామని బయల్దేరితే బిడ్డ దారిలోనే పుట్టాడు. రెండోసారీ అంతే. పంథ అంటే దారి. అందుకే పెద్దవాడు మహాపంథకుడు, చిన్నవాడు చూళపంథకుడు.

పిల్లలు ఊహ తెలిసి తాత ఇంటికి పోదామని పోరు పెట్టారు. తల్లిదండ్రులు వాళ్లను తీసుకొని రాజగృహం వచ్చారు. తాత పిల్లల్ని ఉంచుకున్నాడు గానీ కూతురి ముఖం, అల్లుడి ముఖం చూడనన్నాడు. డబ్బిచ్చి పంపేశాడు. అలా దాసుని కొడుకులు శ్రేష్ఠి ఇంట్లో పెరిగారు.

నాలుగు నెలలు, ఒక్క గాథ

పెద్దవాడు తాత వెంట బుద్ధుని ప్రసంగాలకు వెళ్తూ భిక్షువయ్యాడు, అర్హతుడయ్యాడు. తను పొందిన సుఖం తమ్ముడికీ దక్కాలని అతన్ని సంఘంలో చేర్పించాడు. నేర్చుకోమని ఒక గాథ ఇచ్చాడు. నాలుగు పాదాల గాథ, అంతే. కొత్త పాదం నోటికి వస్తే పాత పాదం పోయేది. నాలుగు నెలలు గడిచినా గాథ రాలేదు. మొద్దు అన్న పేరు మాత్రం వచ్చింది.

చివరికి అన్నకే ఓపిక నశించింది. నీవల్ల కాదు, ఇంటికి పొమ్మన్నాడు. ఆ రోజుల్లోనే వైద్యుడు జీవకుడు బుద్ధుణ్ణి, 500 మంది భిక్షువుల్ని మర్నాడు భోజనానికి పిలిచాడు. ఎవరెవరు వెళ్లాలో చూసే బాధ్యత మహాపంథకుడిది. తమ్ముణ్ణి తప్ప అందరినీ లెక్కలో వేశాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. అన్న దుర్మార్గుడు కాడు. తమ్ముడి మేలు కోరినవాడే. అయినా ఒకణ్ణి పంక్తి నుంచి తీసేశాడు. పంక్తిలో చోటు లేకపోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన తాతలు, అవ్వలు అనుభవించారు. అదే పని మన ఇంట్లో, మన వాడలో, మన విహారంలో మన పిల్లవాడికి మనమే చేస్తే దాన్ని ఏమనాలి?

చేయి పట్టి లోపలికి

తెల్లవారకముందే చూళపంథకుడు చీవరం విడిచి వెళ్లిపోదామని బయల్దేరాడు. తర్వాతి కాలంలో థేరగాథల్లో ఆయనే తన కథ చెప్పుకున్నాడు. ద్వారం దగ్గర నిలబడ్డానని, ధమ్మం మీద మాత్రం ఆశ చావలేదని. అంతకుముందే వచ్చి ద్వారం దగ్గర నడుస్తున్న బుద్ధుడు అతని తల నిమిరాడు. చేయి పట్టుకొని లోపలికి తీసుకెళ్లాడు. నువ్వు నా శాసనంలో చేరినవాడివి, అన్న పొమ్మంటే నా దగ్గరికి ఎందుకు రాలేదని అడిగాడు.

తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. పిల్లవాడికి రాని పాఠాన్ని పక్కన పెట్టాడు. అతని చేతికి శుభ్రమైన గుడ్డముక్క ఇచ్చి, తూర్పు ముఖంగా కూర్చొని, మురికి పోవాలని అనుకుంటూ దాన్ని రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా తెల్లటి గుడ్డ మాసిపోయింది. ఏదీ ఉన్నట్టు ఉండదని, మనసుకు పట్టే మురికి రాగద్వేషాలేనని చూళపంథకుడికి తెలిసింది. నాలుగు నెలల్లో చెవి ద్వారా రానిది చేతి ద్వారా వచ్చింది. ఆ ఉదయమే అర్హతుడయ్యాడు.

ఆగిన భోజనం

జీవకుని ఇంట్లో వడ్డన మొదలవబోతుండగా బుద్ధుడు పాత్ర మీద చేయి అడ్డం పెట్టాడు. విహారంలో ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరన్నాడు అన్న. మనిషిని పంపి చూడమన్నాడు బుద్ధుడు. వెళ్లినవాడికి మామిడితోట నిండా వేయి మంది చూళపంథకులు కనిపించారని అట్టకథ చెబుతుంది. మహిమల్ని మనం లెక్కలోకి తీసుకోం. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ ఆగిన భోజనం. వదిలేసిన ఒక్కడు వచ్చేదాకా 500 మంది ఆగారు. భోజనమయ్యాక ధమ్మం చెప్పమని బుద్ధుడు అడిగింది కూడా ఆ చూళపంథకుణ్ణే.

అయినా పాత పేరు అంత తొందరగా పోలేదు. భిక్షుణులకు బోధించే వంతు ఒకరోజు ఆయనకు వచ్చింది. ఈరోజు ఏం లాభం, వచ్చిన గాథే మళ్లీ మళ్లీ చెప్తాడని వాళ్లు అనుకున్నారట. వినయపిటకంలో ఉంది ఈ సంగతి. ఆయన నిజంగానే గాథ మళ్లీ మళ్లీ చెప్పి, తన శక్తి చూపాడు. ఆ రోజు పొద్దుగూకే దాకా వాళ్లు కదల్లేదు.

గత జన్మ మాట

ఆయన ఎందుకు అలా పుట్టాడో చెప్పడానికి అట్టకథలో ఒక గత జన్మ కథ ఉంది. అప్పుడాయన తెలివైన భిక్షువట, చదువు రాని మరో భిక్షువును చూసి నవ్వాడట, ఆ పాపమే ఇలా తగిలిందట. దీన్ని మనం ఒప్పుకోం. గత జన్మ కర్మ అనే మాట పేదల, అణగారినవాళ్ల బాధ్యత నుంచి సమాజం తప్పించుకోవడానికే పనికొస్తుందని బాబాసాహెబ్ తన బుద్ధుడు-ధమ్మం గ్రంథంలో విడమరిచారు. వైకల్యంతో పుట్టిన బిడ్డ తల్లిని ఏం పాపం చేశావో అనడం కూడా అదే కోవలోది.

కానీ ఆ కథలో ఒక నిజం దాగి ఉంది. నవ్వించుకున్న ఆ భిక్షువు సిగ్గుపడి చదువే మానేశాడట. నవ్వు చేసే పని అదే. ఆదివారం రాకుండా పోయిన మన పిల్లవాడి సంగతీ అదే.

మనం చేయాల్సింది

పిల్లల్ని కుంటోడా, నత్తోడా, మెంటలోడా అని పిలవడం మన నోటితోనే ఆపాలి. పెద్దల నోట విన్నదే పిల్లలు బడిలో అంటారు. ఎవరైనా వెక్కిరిస్తే అక్కడికక్కడే, వడ్డన ఆపినట్టు, తరగతి ఆపాలి. బాధపడ్డ పిల్లవాడు వచ్చి చెప్పేదాకా ఆగకుండా మనమే వెళ్లాలి. ఒక పద్ధతిలో రాకపోతే ఇంకో పద్ధతిలో నేర్పాలి. అందరి ముందు అతనికి ఒక పని అప్పజెప్పాలి. దీపం వెలిగించడం కావచ్చు, పుస్తకాలు పంచడం కావచ్చు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. మేధో వైకల్యం, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది కూడా అందులో ఉన్నాయి. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, చట్టం నిర్ణయించిన స్థాయిలో వైకల్యం ఉన్న పిల్లల హక్కు. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. పిల్లల మీద కేసులు పెట్టమని కాదు, పెద్దవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నాం.

సమానత్వం నెలకొల్పుతామని, ప్రాణులన్నిటి మీదా కరుణ చూపుతామని మనం 22 ప్రతిజ్ఞల్లో మాట ఇచ్చాం. ఈ ఆదివారం వందనకు ఎవరు రాలేదో లెక్క చూడండి. ఆ ఇంటికి వెళ్లి, చేయి పట్టుకొని తీసుకురండి.

నమో బుద్ధాయ! జై భీమ్!