అజంతా గుహల్లో సయ్యద్ అహ్మద్

మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో లైన్ మారితే అసెంబ్లీ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి పబ్లిక్ గార్డెన్, అంటే మన పెద్దల బాగే ఆమ్, నడక దూరమే. అందులోని స్టేట్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఈజిప్టు మమ్మీని చూపించి తిరిగొచ్చేస్తారు. అజంతా చిత్రాల నకళ్ల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఆ నకళ్లు వేసినవాళ్లలో ముఖ్యుడు సయ్యద్ అహ్మద్.

అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. 1909-11 మధ్య లండన్ నుంచి లేడీ హెరింగ్‌హామ్ అనే చిత్రకారిణి వచ్చి గోడల మీది బొమ్మలకు నకళ్లు తీయించింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ లాంటివాళ్లు, హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ముహమ్మద్ ఫజ్లుద్దీన్ ఆమెకు తోడయ్యారు. పని అయ్యాక ఎవరి దారి వాళ్లది. నందలాల్ శాంతినికేతన్‌లో పెద్ద గురువయ్యాడు. సయ్యద్ అహ్మద్ మళ్లీ ఆ గుహలకే చేరాడు.

ఆ పని ఎలాంటిదంటే, లోపల చీకటి, గబ్బిలాల కంపు. కొండకు తేనెపట్లు, వాటి భయం వేరే. గోడ మీది గచ్చు పెళుసు, గట్టిగా నొక్కితే రాలిపోతుంది. పల్చటి కాగితం ఆనించి గీత ఎత్తుకోవాలి. తర్వాత గోడ ముందే కూర్చుని రంగు కలపాలి: ఎర్రమట్టి, పచ్చమట్టి, దీపం మసి, సున్నపు తెలుపు, అక్కడక్కడా లాజవర్ద్ నీలం. తప్పు చూపే ఉస్తాద్ పక్కన లేడు. ఎదురుగా ఉన్న గోడే ఉస్తాద్. కనుబొమ్మ గీత ఒకటి కుదరకపోతే ముఖమే మారిపోతుంది, మళ్లీ మొదలుపెట్టాలి. నకలే కదా అని తేలిగ్గా అనేవాళ్లు ఒక్క చెయ్యి గీసి చూడాలి!

1914లో నిజాం సర్కార్ పురావస్తు శాఖ పెట్టింది, గులాం యజ్దానీ దాని అధిపతి. 1920 తర్వాత ఇటలీ నిపుణులు వచ్చి ఊడిపోతున్న గచ్చును అతికించారు. గుహల క్యూరేటర్‌గా సయ్యద్ అహ్మద్ ఏళ్ల తరబడి ఆ బొమ్మలకు కాపలా ఉన్నాడు.

బుద్ధుడి బొమ్మలకు ముస్లిం కాపలా ఏమిటని ఇవాళ ఎవరైనా అడగొచ్చు. నా లెక్కలో అది అమానత్. మనది కాని సొమ్మును కూడా చెడిపోకుండా అప్పగించాలి. అంతకుముందు రాబర్ట్ గిల్ ఏళ్లపాటు వేసిన నకళ్లు 1866లో లండన్‌లో తగలబడ్డాయి. గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలోనూ చాలా బొమ్మలు 1885లో మంటల్లో పోయాయి. అప్పటి ఇటలీ వాళ్ల వార్నిష్ కాలంతో పాటు నల్లబడింది. అందుకే బాగే ఆమ్‌లో ఉన్న నకళ్ల విలువ వేరు.

శుక్రవారం మ్యూజియంకి సెలవు. ఆదివారం పెట్టుకోండి, మమ్మీని చూశాక ఇంకో పావుగంట ఆగండి.