ఉపాధ్యాయులకు బడి పెట్టిన బోధకుడు: ఎగర్టన్ రైర్సన్

సేవకుల జీవితాలు అనగానే మనకు సముద్రాలు దాటి తెలుగు దేశానికి వచ్చిన మిషనరీలు గుర్తుకొస్తారు. ఈసారి మనం వచ్చి స్థిరపడిన ఈ ఒంటారియోలోనే పుట్టి, ఇక్కడే పరిచర్య చేసి, ఇక్కడే కన్నుమూసిన ఒక మెథడిస్టు బోధకుని గురించి రాస్తున్నాను. మన పిల్లలు ఫీజు లేకుండా పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారన్నా, వాళ్ళకు పాఠం చెప్పే టీచరు శిక్షణ పొంది వచ్చారన్నా, దాని వెనుక ఆయన 32 ఏళ్ళ కష్టం ఉంది. అదే మనిషి పేరును 2022లో టొరంటోలోని ఒక విశ్వవిద్యాలయం మీద నుంచి తీసివేశారు. ఈ రెండూ ఒకే మనిషి కథ ఎలా అయ్యాయో అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పుకోవాలి.

ఎగర్టన్ రైర్సన్ గారు 1803 మార్చి 24న ఈరీ సరస్సు దగ్గర నార్ఫోక్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి జోసెఫ్ రైర్సన్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షాన నిలిచి, తర్వాత ఇటు వచ్చి భూమి పొందిన సైనికాధికారి. ఆయన ఆంగ్లికన్ సంఘస్థుడు. ఆ రోజుల్లో మెథడిస్టులంటే పెద్దింటివాళ్ళకు చిన్నచూపు. పద్దెనిమిదేళ్ళ ఎగర్టన్ మెథడిస్టు సంఘంలో చేరానని చెప్పగానే తండ్రి ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నాడు. కుర్రవాడు వెళ్ళిపోయి దగ్గరలోని గ్రామర్ స్కూల్లో సహాయ ఉపాధ్యాయుడిగా కుదిరాడు. అంటే ప్రసంగపీఠం ఎక్కడానికి ముందే ఆయన బల్లల మధ్య నిలబడి పాఠం చెప్పిన మనిషి. ఆ పనికి ఎవరూ ఆయనకు ఏ శిక్షణా ఇవ్వలేదు.

1825లో, ఇరవై రెండేళ్ళ వయసులో, గుర్రం మీద ఊరూరా తిరిగే సంచార బోధకుడయ్యారు. మొదటి సర్క్యూట్ యార్క్, యంగ్ స్ట్రీట్. యార్క్ అంటే నేటి టొరంటో. మనం జీపీఎస్ పెట్టుకుని ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ వెళ్ళే ఆ యంగ్ స్ట్రీటే అప్పుడు అడవి మధ్య బురద దారి. మెథడిస్టు బోధకులు చదువులేనివాళ్ళని ఆంగ్లికన్ నాయకుడు జాన్ స్ట్రాచన్ విమర్శిస్తే, ఈ యువకుడు పత్రికలో దీటుగా జవాబు రాశాడు. రాసిందెవరో తెలిశాక ఊరంతా ఆశ్చర్యపోయింది. ఆ వివాదం పెద్దది. ఇక్కడ దాన్ని వదిలేస్తాను.

మన ఊరికి దగ్గరి విషయం వేరే ఉంది. 1826లో సంఘం ఆయనను క్రెడిట్ నది ఒడ్డున ఉన్న మిస్సిసాగా ప్రజల దగ్గరికి పంపింది. నేటి పోర్ట్ క్రెడిట్ దగ్గర, ఓక్‌విల్ నుంచి కారులో ఇరవై నిమిషాల దూరంలో, అప్పుడు వాళ్ళ గ్రామం ఉండేది. మన ఓక్‌విల్ నేల కూడా వాళ్ళదే. సిక్స్‌టీన్ మైల్ క్రీక్ చుట్టూ ఉన్న భూమిని వాళ్ళు 1820 ఒప్పందంలో వదులుకోవలసి వచ్చింది. 1827లో విలియం చిజమ్ అనే వ్యాపారి అందులో 960 ఎకరాలు కొని ఊరు కట్టడం మొదలుపెట్టాడు. అంటే ఓక్‌విల్ పుడుతున్న రోజుల్లోనే రైర్సన్ గారు పక్క నది ఒడ్డున బడి నడుపుతున్నారు.

అక్కడ ఆయనకు తోడు పీటర్ జోన్స్. ఆయన అసలు పేరు కాకేవాకోనబీ. తల్లి మిస్సిసాగా స్త్రీ, తండ్రి వేల్స్ మూలాలున్న సర్వేయరు. తన ప్రజలకు సువార్త చెప్పిన మనిషి, కీర్తనలనూ లేఖన భాగాలనూ ఓజిబ్వే భాషలోకి తెచ్చిన మనిషి. ఇద్దరూ దాదాపు ఒకే వయసువాళ్ళు, జీవితాంతం స్నేహితులు. రైర్సన్ గారు అక్కడ ఒక ఇంట్లో వాళ్ళతో కలిసి ఉన్నారు. వాళ్ళతో పాటు చెట్లు నరికి నేల చదును చేశారు. ఆరాధనకూ బడికీ పనికొచ్చే కట్టడం కోసం ఊళ్ళు తిరిగి చందాలు పోగుచేశారు. ముఖ్యంగా వాళ్ళ భాష నేర్చుకుని అందులోనే బోధించారు. వాళ్ళు ఆయనను తమవాడిగా ఎంచి, చనిపోయిన తమ పెద్ద ఒకరి పేరును ఆయనకు పెట్టారు. ఏడాది కంటే ఎక్కువ కాలం అక్కడ లేరు కానీ, ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోండి.

తర్వాతి పదిహేనేళ్ళు గబగబా చెబుతాను. 1829లో మొదలైన 'క్రిస్టియన్ గార్డియన్' పత్రికకు ఆయనే తొలి సంపాదకుడు. 1832లో భార్య హన్నా చనిపోయారు. కొన్నేళ్ళకే చిన్న కొడుకు కూడా పోయాడు. మెథడిస్టులు కోబర్గ్‌లో పెట్టిన విద్యాలయం విక్టోరియా కాలేజీగా మారినప్పుడు ఆయన దానికి మొదటి ప్రిన్సిపల్ అయ్యారు. 1844లో ప్రభుత్వం ఆయనను పాఠశాలల అధికారిగా నియమించింది. 1876 వరకు ఆ కుర్చీ ఆయనదే.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఒంటారియోలో, అంటే అప్పటి అప్పర్ కెనడాలో, బడి ఎలా ఉండేదో ఊహించుకోండి. దుంగలతో కట్టిన ఒకే గది. అన్ని వయసుల పిల్లలూ అందులోనే. ఎవరింటి నుంచి తెచ్చిన పుస్తకం వాళ్ళది, ఒకరి పుస్తకానికి ఇంకొకరి పుస్తకానికి పొంతన ఉండదు. పంతులు చాలాచోట్ల వేరే పని దొరికేదాకా ఈ పని చేసేవాడు. జీతం సరిపోక వారానికొక ఇంట్లో భోజనం, పడక. పిల్లవాడు ఒక్కొక్కడే వచ్చి బట్టీపట్టిన పాఠం అప్పజెప్పి వెళ్తాడు, మిగతావాళ్ళు అంతసేపూ ఊరికే కూర్చుంటారు. మన పెద్దలు చెప్పే వీధిబడి ముచ్చట్లు విన్నవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

రైర్సన్ గారు కొత్త ఉద్యోగంలో చేరగానే చట్టం రాయడానికి కూర్చోలేదు, ముందు చూడడానికి బయలుదేరారు. దాదాపు ఏడాది పాటు ఇంగ్లాండు, ఐర్లాండు, ఫ్రాన్సు, ప్రష్యా, స్విట్జర్లాండు తిరిగి, బడుల్లో కూర్చుని గమనించారు. 1846లో దాని మీద పెద్ద నివేదిక రాశారు. స్విట్జర్లాండుకు చెందిన పెస్తలాజీ పద్ధతి ఆయనకు బాగా నచ్చింది. పిల్లవాడు కంటితో చూసి చేత్తో పట్టుకున్న వస్తువుతో మొదలుపెట్టి, అక్కడి నుంచి మాటకు, మాట నుంచి నియమానికి తీసుకెళ్ళడం ఆ పద్ధతి. అంకె రాయించే ముందు గింజలు లెక్కపెట్టిస్తారు. పటం చూపించే ముందు బడి చుట్టూ ఉన్న దారిని గీయిస్తారు. జవాబు చెప్పేయకుండా ప్రశ్న మీద ప్రశ్న వేసి పిల్లవాడి నోటే చెప్పిస్తారు. బట్టీ పట్టించడమంటే ఆయనకు గిట్టదు.

అయితే ఈ పద్ధతిని పుస్తకంలో అచ్చువేసి పంచితే సరిపోదని ఆయన గ్రహించారు. పాఠం చెప్పడం చూసి, చేసి నేర్చుకోవలసిన పని. అందుకే 1847 నవంబరు 1న టొరంటోలో, పాత గవర్నరు బంగళాలో, ఉపాధ్యాయుల కోసం నార్మల్ స్కూల్ తెరిచారు. దాని నడపడానికి డబ్లిన్ నుంచి థామస్ జాఫ్రీ రాబర్ట్‌సన్‌ను పిలిపించారు. లెక్కలూ విజ్ఞానశాస్త్రమూ హెన్రీ యూల్ హైండ్ చెప్పేవారు. ఒక్కో విడత అయిదు నెలలు. రెండో విడత నుంచి స్త్రీలను కూడా చేర్చుకున్నారు, కాకపోతే స్త్రీ పురుషులు ఒకరితో ఒకరు మాట్లాడకూడదని కఠిన నియమం పెట్టారు. మరుసటి ఏడాది దానికి అనుబంధంగా మోడల్ స్కూల్ వచ్చింది. అక్కడ నిజమైన పిల్లలు ఉంటారు. ఛాత్రోపాధ్యాయులు ముందు మాదిరి పాఠం చూస్తారు, తర్వాత తామే చెబుతారు, వెనక నిలబడి మాస్టరు గమనిస్తాడు. మన దగ్గర టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్ళకు ఈ వణుకు బాగా తెలుసు. మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూల్ మొదలైంది 1856లో. సువార్తతో పాటు బడిని కూడా అందుకున్న మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో తరానికొక టీచరమ్మ ఉండడం వింత కాదు. ఆ టీచరమ్మలు చేసిన ట్రైనింగ్ కూడా ఈ రకం బడి నుంచి వచ్చినదే.

నార్మల్ స్కూలుకు రాలేని ఉపాధ్యాయుల సంగతి కూడా ఆయన మరచిపోలేదు. 1848లో ఉపాధ్యాయుల కోసం ఒక విద్యాపత్రిక మొదలుపెట్టారు. 1850లో రాబర్ట్‌సన్, హైండ్ గార్లను జిల్లాలకు పంపి, అక్కడి పంతుళ్ళను ఒకచోట కూర్చోబెట్టి పాఠాలు చెప్పే తీరు చూపించారు. పటాలూ గ్లోబులూ బోధనోపకరణాలూ తక్కువ ధరకు బడులకు అందేలా ఒక భాండాగారం నడిపారు. వయసైపోయిన ఉపాధ్యాయులకు చిన్న పింఛను నిధి పెట్టించారు. మన వైపు వేసవిలో జరిగే వృత్త్యంతర శిక్షణకూ, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకూ ఉన్న ఉద్దేశం కూడా ఇదే. ఇక్కడ పీఏ డే వచ్చిందంటే పిల్లలను ఎవరి దగ్గర వదలాలా అని మన వాట్సాప్ గ్రూపుల్లో సణుగుడు మొదలవుతుంది. మా ఐటీ ఉద్యోగాల్లో రెండేళ్ళకోసారి కొత్త టెక్నాలజీ నేర్చుకోకపోతే పని ఉండదని మనమే అంటాం. ముప్ఫైమంది చిన్నపిల్లలకు చదవడం నేర్పే మనిషికి మాత్రం ఒక్కసారి నేర్చుకున్నది చాలనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

బడి పన్ను కట్టడానికి ఒప్పుకోని ఊళ్ళతో, అన్ని నిర్ణయాలూ టొరంటోలోనే జరుగుతున్నాయని మండిపడే పత్రికలతో ఆయన పోట్లాట చాలా ఏళ్ళు సాగింది. ఆయనకు మొండితనం ఎక్కువే. చివరికి 1871 చట్టంతో ప్రాథమిక పాఠశాలలు పూర్తిగా ఉచితమయ్యాయి, పిల్లలను బడికి పంపడం తప్పనిసరి అయింది.

ఇక రెండో వైపు. మళ్ళీ 1847కే రావాలి.

ఆ ఏడాది మే నెలలో, నార్మల్ స్కూల్ తెరవడానికి అయిదు నెలల ముందు, ఇండియన్ వ్యవహారాల శాఖ ఆయన సలహా అడిగింది. ఆదివాసీ పిల్లలకు ఎలాంటి బడి ఉండాలన్నది ప్రశ్న. ఆయన ఒక ఉత్తరం రాశారు. పిల్లలను ఇళ్ళకు దూరంగా వసతి బడుల్లో ఉంచాలి, వాటిని ప్రభుత్వమూ సంఘాలూ కలిసి నడపాలి, ముఖ్యంగా వ్యవసాయం పని నేర్పాలి అని అందులో సూచించారు. వేసవిలో రోజుకు 8 నుంచి 12 గంటలు పొలం పని, 2 నుంచి 4 గంటలు చదువు. చదువు ఆంగ్లంలో. తెల్లవారి పిల్లలకు నడిచి వెళ్ళేంత దూరంలో బడి, శిక్షణ పొందిన పంతులు, గింజలతో లెక్కలు. క్రెడిట్ ఒడ్డున ఎవరి భాష నేర్చుకుని పాఠం చెప్పారో ఆ ప్రజల పిల్లలకు మాత్రం చేతిలో పార. ఒకే చేయి, ఒకే ఏడాదిలో ఈ రెండూ రాసింది.

ఆయన పక్షాన చెప్పవలసింది కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఒరిలియాలో జరిగిన సభలో ఎందరో ఆదివాసీ పెద్దలు పనులు నేర్పే బడుల కోసం తమకొచ్చే భరణంలో నాలుగో వంతును 25 ఏళ్ళపాటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. పీటర్ జోన్స్ కూడా అలాంటి బడులు కావాలన్నారు. కానీ ఆయన కోరింది తమవాళ్ళే ఉపాధ్యాయులై, తమవాళ్ళే నడిపే బడులు. ఆ భాగం జరగలేదు. రైర్సన్ గారి ఉత్తరంలో దానికి చోటు దొరకలేదు. ఉపాధ్యాయులను తయారుచేయడమే తన జీవితపు పనిగా పెట్టుకున్న మనిషికి ఆ ఒక్కచోట ఆ ఆలోచన రాకపోవడం నన్ను చాలా రోజులు వెంటాడింది. 1850లో ఆయన కాలంలోనే వచ్చిన పాఠశాల చట్టం నల్లజాతి పిల్లలకు విడి బడులు పెట్టడానికి వీలు కల్పించిందని కూడా ఇక్కడ చెప్పాలి.

క్రెడిట్ నది ప్రజలు తమ ఊరు విడిచి, ఇప్పటి హేగర్స్‌విల్ దగ్గరికి తరలిపోయింది కూడా 1847లోనే. ఆయన చందాలతో నిలబడిన బడి ఉన్న గ్రామం అది.

స్నేహం మాత్రం తెగలేదు. 1856లో జబ్బుపడిన పీటర్ జోన్స్ వైద్యం కోసం టొరంటో వచ్చినప్పుడు రైర్సన్ గారి ఇంట్లోనే ఉన్నారు. ఆ వేసవిలోనే జోన్స్ కన్నుమూశారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ బడుల గురించి ఏం మాట్లాడుకుని ఉంటారా అని అనుకుంటాను.

ఉద్యోగ విరమణ తర్వాత రైర్సన్ గారు పుస్తకాలు రాసుకుంటూ గడిపి, 1882 ఫిబ్రవరి 19న ప్రభువు సన్నిధికి చేరారు. ఆ మరుసటి ఏడాది కెనడా ప్రభుత్వం పశ్చిమాన పారిశ్రామిక వసతి బడులను ఆమోదించింది. 1898లో ఇండియన్ వ్యవహారాల శాఖ ఆయన పాత ఉత్తరాన్ని అచ్చువేసింది. ఆ బడులు ఆయన నడిపినవి కావు, అక్కడ జరిగినవన్నీ ఆయన కోరినవీ కావు. కానీ లక్షా యాభై వేల మందికి పైగా పిల్లలు వాటిలో పెరిగారు, చాలామంది తల్లి భాష పోగొట్టుకున్నారు, వేలమంది తిరిగి ఇంటికి రాలేదు. వాటిని నడిపినవాటిలో మన మెథడిస్టు, ఆంగ్లికన్, కాథలిక్ సంఘాలు ఉన్నాయి.

2021 మే నెలలో కామ్లూప్స్ వార్త వచ్చిన కొద్ది రోజులకు, జూన్ 6న, టొరంటోలోని ఆయన విగ్రహాన్ని జనం పడగొట్టారు. నార్మల్ స్కూల్ స్థలంలో 1948 నుంచి ఆయన పేరుతో నడిచిన విద్యాసంస్థ 2022 ఏప్రిల్ నుంచి టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ. పాత నార్మల్ స్కూల్ కట్టడాన్ని ఎప్పుడో కూల్చేశారు, ముఖద్వారం ఉన్న గోడను మాత్రం ఉంచారు. యూనియన్ స్టేషన్ దాకా గో ట్రైన్‌లో వెళ్ళి, అక్కడ నుంచి సబ్‌వేలో విశ్వవిద్యాలయం దగ్గర దిగితే, కొద్ది నిమిషాల నడకలో చూడవచ్చు. విద్యార్థులు రోజూ జిమ్‌కు ఆ ద్వారం గుండానే వెళ్తుంటారు.