శ్రీమతి మెటిల్డా చర్చిల్లుగారు: బొబ్బిలిలో నొక గృహము

బొబ్బిలి యనగనే మనవారికి 1757వ సంవత్సరపు యుద్ధమును తాండ్ర పాపారాయని శౌర్యమును స్ఫురించును. ఆ యుద్ధము జరిగిన నూటయిరువదియేండ్లకు ఆ పట్టణమున కాపురమునకు వచ్చి, ఆడుపిల్లలచేత పలక పట్టించిన యొక విదేశస్త్రీ కలదు. క్రైస్తవసంఘములందు ఆమె సుప్రసిద్ధురాలు. సంస్కారపక్షమువారమని చెప్పుకొను మనలో ఆమె నెఱిగినవారు తక్కువ. మేము ఏకేశ్వరోపాసకులము, ఆమె బోధించిన మతసిద్ధాంతములలో పెక్కింటి నంగీకరింపము. అయినను ఆమె జీవితమును తెలిసికొనుట మనకవసరమని తలంచి యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మెటిల్డా ఫాక్నరుగారు 1840లో కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రమున స్ట్యూవియాకు అను పల్లెపట్టున జన్మించిరి. వివాహమునకు పూర్వము పాఠశాలలో ఉపాధ్యాయినిగా నుండిరి. ఆ కాలముననే, 1870లో, మరియా నారిసు అను యువతి నోవా స్కోషియా గ్రామములవెంట తిరిగి, విదేశములలో బోధచేయువారికి సహాయముగా స్త్రీల సంఘములను స్థాపించెను. కొలదినెలలలోనే ముప్పదికి పైగా సంఘము లేర్పడెను. రైతుల భార్యలు తమ కొద్దిపాటి మిగులునుండి ధన మిచ్చిరి. ఈ సంగతిని మేము కావలెననియే పేర్కొనుచున్నాము. మన సభలకు వేయిమంది వచ్చి కరతాళధ్వనులు చేసినను, నెలకొక అణా చొప్పున ఏడాదిపొడవున నిచ్చువారు పదిమంది దొరకరు.

1873లో మెటిల్డాగారు భర్త జార్జి చర్చిల్లుగారితోడను, మరికొందఱు బోధకులతోడను ఓడ యెక్కిరి. వారు బయలుదేరినది మన దేశమునకు గాదు. బర్మా సయాము దేశములలోని కరెను జాతివారికి బోధింపవలెనని వారి సంకల్పము. సయాములో వెదకి చూడగా కరెనులు మిక్కిలి తక్కువగా నుండిరి. అందుచే 1875లో వారిని తెలుగుదేశమునకు మార్చిరి. కాకినాడలో నిదివఱకే పనిచేయుచున్న తమ మతస్థులను కలిసికొని, అచ్చటనుండి వారు ఉత్తరముగా వ్యాపించిరి. శాన్‌ఫర్డు దంపతులు భీమునిపట్టణమునకును, ఆర్మ్‌స్ట్రాంగు దంపతులు శ్రీకాకుళమునకును పోయిరి. ఈ ఆర్మ్‌స్ట్రాంగుగారి భార్యయే పైని జెప్పిన మరియా నారిసు. తరువాత వీరు మరల బర్మాకు పోయి, కూలికై అచ్చటికి వెళ్లిన మన తెలుగువారికి బోధచేసిరి. చర్చిల్లు దంపతులు మాత్రము 1879 ప్రాంతమున బొబ్బిలి చేరి అచ్చటనే స్థిరపడిరి.

ఆనాటి బొబ్బిలికి రైలు లేదు. తూర్పుతీరపు రైలు 1893 నాటికి విజయనగరమును చేరినను, బొబ్బిలికి రైలు వచ్చుటకు ఇంకను పెక్కేండ్లు పట్టెను. విజయనగరమునుండి సుమారు 35 మైళ్లు ఎడ్లబండిమీద పోవలెను. స్వదేశమునకు వ్రాసిన జాబు చేరుటకు వారములు పట్టును. దానికి ప్రత్యుత్తరము వచ్చునప్పటికి అడిగిన సంగతియే మఱపునకు వచ్చును. ఇట్టి బోధకుల గృహములలో ప్రాతఃకాలమున ప్రార్థన, పిదప తెలుగుపాఠము, తరువాత పాఠశాల. ఎండ ముదిరినంతట తలుపులు మూసి, పంకా క్రింద కుట్టుపనియో లెక్కలో చూచుకొనుట, చల్లపడిన వెనుక ఇండ్లకు పోయి స్త్రీలతో మాటలాడుట, రాత్రి దీపముకడ జాబులు వ్రాయుట. శీతకాలమున డేరాలను బండ్ల కెత్తి పల్లెలు తిరుగుట. తన యింటిపని తానే చేసికొను పల్లెపట్టునుండి వచ్చిన స్త్రీకి ఇచ్చట వంట కొకడు, నీళ్ల కొకడు, బట్టల కొకడు, పంకా కొకడు! ఒకని పని మఱియొకడు ముట్టడు. బోధకులు దరిద్రజీవనము చేసిరని కొందఱు వ్రాయుదురుగాని, మన పల్లెవాసుల కంటికి వారును దొరలే. ఈ యెడము వారి బోధకు ఎంతో కొంత అడ్డు వచ్చియే యుండునని మా యభిప్రాయము.

భాష సంగతి వేఱు. బ్రౌనుదొర నిఘంటువు అప్పటికే యుండెను. ఆర్డెనుగారి వ్యాకరణము 1873లో వెలువడెను. కాని యా పుస్తకముల తెలుగు వేఱు, బొబ్బిలి సంతలోని తెలుగు వేఱు. తరువాతి కాలమున శ్రీకాకుళప్రాంతమువారగు గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ భేదమునుగూర్చియే పెద్దయుద్ధము చేసిరి. మేము వ్రాయుచున్న యీ భాషతో సంతలో వీసెడుప్పు కొనజాలమని మాకును తెలియును. వంటవానితో, చాకలితో, పాఠశాలబాలికలతో ప్రతిదినము మాటలాడవలసిన గృహిణికి సంతభాష రాకున్న దినము గడవదు.

మెటిల్డాగారు బొబ్బిలిలో బాలికలకు పాఠశాల స్థాపించిరి. దాని కష్టమెట్టిదో తెలియుటకు ఆ మండలపు స్థితి నెఱుగవలెను. విజయనగర మహారాజగు ఆనందగజపతివారు విశాఖపట్టణ మండలమునందలి బ్రాహ్మణకుటుంబములలో జరిగిన కన్యాశుల్క వివాహములకు పట్టిక వ్రాయించిరి. మూడేండ్లలో 1034 వివాహములు తేలెను. అందు అయిదేండ్ల బాలికలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు ముగ్గురు. గురజాడ అప్పారావుగారి నాటకమునకు పుట్టుక యిచ్చటనే. వివాహమైన బాలికను బడికి పంపుట తప్పని లోకులు తలచు కాలమది. అక్షరములు కూడబలుకుట వచ్చునప్పటికే ఉపాధ్యాయిని చేతినుండి పిల్ల జాఱిపోవును. మఱల మఱియొక పిల్లకు ‘అ’తో ప్రారంభము. ఇట్లు ముప్పదియేండ్లకు మించి!

మేము న్యాయవాదులము, సాక్ష్యమును తూచి చూచుట మా వృత్తి. ఆమె జాబులు స్వదేశమునందలి దాతలకు, మిత్రులకు వ్రాసినవి. మన మతమును, ఆచారములను అంధకారముగా చిత్రించుట అట్టి జాబులలో సామాన్యము. ఇట్టి సాక్షి మాటను యథాతథముగా గైకొనరాదు. విద్యతోపాటు మతమును కలిపి యిచ్చుట న్యాయమా యను ప్రశ్నయు కలదు. మనము న్యాయము కాదందుము. పిల్ల మతము మారునేమో యని జడిసిన తలిదండ్రుల భయము నిష్కారణము గాదు. కాని ప్రతిపక్షమువారి దోషములను చూపినంతమాత్రమున మన వ్యాజ్యము గెలువదు. ఆమె బొబ్బిలిలో బడి నడుపుచున్న దినములలో, ఆంగ్లవిద్య నేర్చి స్త్రీవిద్యనుగూర్చి సభలలో ఉపన్యసించిన మా తాతల తరపు వకీళ్లలో ఎందఱు తమ భార్యలకు ఓనమాలు నేర్పిరి? భర్త సంస్కర్తయై సభలో నుండగా భార్య పూర్వాచారపరాయణయై వంటయింట నుండుట మనవారి సంప్రదాయము. రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు వితంతుబాలికలకు తమ యింట వండిపెట్టి, లోకులు వెలివేసినను భర్తపక్షమున నిలిచిరి. అట్టి దంపతులను లెక్కింప మన చేతివ్రేళ్లు చాలును.

ఫలితమును సంఖ్యలతో కొలిచిన చర్చిల్లు దంపతులు ఓడినట్లే. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున అమెరికను బోధకుల సంఘమువారు ఒక్కదినమున 2,222 మందికి స్నానసంస్కార మిచ్చిరి. బొబ్బిలిలో అట్టిది జరుగలేదు. మతము పుచ్చుకొన్నవారు చాల స్వల్పము. ఒంగోలు వార్తలు పత్రికలలో చదువుకొనుచు బొబ్బిలిలో మరునాటి పాఠమునకు సిద్ధపడుట సులభమై యుండదు. అయినను ఆ దంపతులు స్థలము మార్చలేదు.

1916లో ఆమె జాబులను గ్రేసు మెక్లియాడు రోజర్సుగారు కూర్చి టొరంటోలో ప్రకటించిరి. భారతదేశములోని నా యింటినుండి లేఖలు అని ఆ గ్రంథనామమున కర్థము. మొదటి జాబులు 1871 నాటివి. కడపటివి 1916 నాటివి. మెటిల్డాగారు 1924లో దివంగతులైరి. నోవా స్కోషియాలో పుట్టిన యామె గ్రంథమునకు పెట్టిన పేరులో ఇల్లని చెప్పబడినది బొబ్బిలియే.