గీసినవారు బదిలీ అయినా

పిల్లలూ, హైదరాబాదులోని ఎ.ఎస్. రావు నగర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ పేరు అయ్యగారి సాంబశివరావు గారిది. ఆయన 1914లో నేటి పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగు చదివి వచ్చి, హోమీ భాభా గారి బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో మొదలైన అప్సర రియాక్టరుకు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరికరాలను మాత్రం రావు గారి బృందం ఇక్కడే తయారుచేసింది. ఆ కృషే పెరిగి 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ అయింది.

ఇలాంటి పనిలో ఒకరు గీసిన సర్క్యూట్ పటాన్ని చూసి మరొకరు తీగలు కలుపుతారు, ఇంకొకరు మరమ్మతు చేస్తారు. అందుకే పటంలో సిగ్నల్ ఎడమ నుంచి కుడికి సాగాలి. ప్లస్ సరఫరా పైన, గ్రౌండ్ కింద ఉండాలి. తీగలు కలిసేచోట చుక్క పెట్టాలి, ఊరికే దాటిపోయేచోట పెట్టకూడదు. ప్రతి భాగానికీ పేరు, విలువ రాయాలి. ఒక్క చుక్క మరిచినా పరికరం తప్పు చూపవచ్చు. రియాక్టరు దగ్గర అది చిన్న తప్పు కాదు.

రావు గారు 2003లో కన్నుమూశారు. మన ఖరగ్‌పూర్ ట్రాఫిక్ క్వార్టర్లలో ఏటా ఎవరో ఒకరు బదిలీపై సామాను కట్టుకుని వెళతారు. మీరు వెళ్ళాక కూడా మీ పటం ఇతరులకు అర్థం కావాలి. ప్రాజెక్టు ఇచ్చేముందు దాన్ని పక్కవారికి చూపించి, ఏమీ చెప్పకుండా చదవమనండి.