నాలుగు సెకన్లలో అమరుడు

కోడంబాక్కం: ఇక్కడ లోకల్ రైలెక్కి చెంగల్పట్టు మీదుగా వెళ్తే కాంచీపురం వస్తుంది. పట్టుచీరలకనీ, వరదరాజస్వామి దర్శనానికనీ మనవాళ్లు వెళ్లొస్తూనే ఉంటారు. ఆ పరిసరాల్లోని కీళ్ ఒట్టివాక్కంలో 1912లో పుట్టిన పల్లెటూరి బిడ్డే సుబేదార్ సుబ్రమణ్యం. రెండో ప్రపంచ యుద్ధంలో తోటివారి కోసం ఇటలీ గడ్డపై ప్రాణమిచ్చిన వీరుడు.

ఆయన పనిచేసింది మద్రాస్ శాపర్స్‌లో. 1780 నాటి దళమిది. కేంద్రం బెంగళూరు. వంతెనలు కట్టడం, బాటలు వేయడం, మందుపాతరలు ఏరడం వీళ్ల పని. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ కుర్రాళ్లంతా ఒకే పంక్తిలో కూర్చుని తినేవారు. ఎవరినైనా ‘తంబి’ అనే పిలిచేవారు. అలాంటిచోట సుబ్రమణ్యం సుబేదార్ దాకా ఎదిగారు. తెల్ల అధికారులకు, సిపాయిలకు మధ్య వారధి ఆ ఉద్యోగం.

కాసినో దారిలో..

1944 ఫిబ్రవరి. నాలుగో భారత డివిజన్ మాంటె కాసినో దగ్గర జర్మన్లతో తలపడుతోంది. 15న కొండమీది మఠంపై బాంబుల వాన కురిసింది. వెనక్కి తగ్గుతూ జర్మన్లు దారిపొడవునా మందుపాతరలు పాతిపెట్టారు. సుబ్రమణ్యం ఉన్న 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీకి వాటితో రోజూ చెలగాటమే.

24న మిన్యానో వద్ద పాతరల మధ్య కొందరు గాయపడి చిక్కుకుపోయారు. వాళ్లను మోసుకురావాలంటే ముందు దారి చేయాలి. డిటెక్టర్ పట్టుకుని ఒకరు ముందు నడుస్తుంటే, వెనకే సుబ్రమణ్యం అడుగులేస్తున్నారు. ఇంతలో ముందున్న సైనికుడి కాలు పాతరపై పడింది. ‘ఎస్’ రకం పాతర అది. తొక్కిన నాలుగు సెకన్లకు నడుమెత్తు ఎగిరి పేలుతుంది. మూడొందలకు పైగా ఉక్కు గుళ్లు చుట్టూ చిమ్ముతాయి. ఆ సంగతి సుబ్రమణ్యానికి బాగా తెలుసు. తను తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ఒక్క ఉదుటున దూకి పాతరపై బోర్లా పడిపోయారు. పేలుడంతా ఆయన ఒంటిమీదే. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పక్కనున్నవాళ్లు బతికి బయటపడ్డారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు.

బతికించినందుకు పతకం

ఎదురుగా శత్రువుతో పోరాడి సాహసం చూపితే విక్టోరియా క్రాస్ ఇస్తారు. ఎదుట శత్రువు లేకపోయినా అంతటి తెగువ చూపినవారికి జార్జి క్రాస్. దీన్ని 1940లో నెలకొల్పారు. సుబ్రమణ్యానికి ఇస్తున్నట్లు 1944 జూన్ 30న గెజిట్‌లో ప్రకటించారు. ఎవరినో చంపినందుకు కాదు, తోటివాళ్లను బతికించినందుకు వచ్చిన పతకం. దాన్ని అందుకోవడానికి ఆయన లేరు. ఇంటి దగ్గర భార్య మిగిలారు.

ఇటలీలో సాంగ్రో నది ఒడ్డున సైనికుల శ్మశానవాటిక ఉంది. అక్కడ దహన సంస్కారాలు పొందిన భారత సైనికుల స్మారకంపై 500కు పైగా పేర్లున్నాయి. కాంచీపురం పక్క పల్లె నుంచి వెళ్లిన సుబ్రమణ్యం పేరూ వాటి మధ్యే ఉంది.