ఎక్స్‌రే కనుగొన్న రాంట్‌జన్ మహాశయుడు

మన సంఘ సభ్యులలో ఛాతీకో, మోకాలికో ఒక్కసారైనా ఎక్స్‌రే తీయించుకోనివారు బహుశా ఉండరు. ఆ కిరణాలను కనుగొన్న మహనీయుని జీవితం పెన్షనర్లమైన మనం ప్రత్యేకంగా తెలుసుకోదగ్గది.

విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ పట్టణంలో బట్టల వ్యాపారి ఇంట జన్మించారు. హాలెండులో చదువుతుండగా, ఉపాధ్యాయుని బొమ్మ వెక్కిరింతగా గీసిన తోటి విద్యార్థి పేరు బయటపెట్టనందుకు ఆయనను బడి నుంచి తొలగించారు. సర్టిఫికెట్టు లేకపోయినా పట్టు వదలక జ్యూరిచ్‌లో చదివి, 1869లో డాక్టరేటు పొందారు.

1895 నవంబరు 8న వుర్జ్‌బర్గ్ ప్రయోగశాలలో, నల్ల అట్టతో కప్పిన గాజుగొట్టంలోకి విద్యుత్తు పంపినప్పుడు, దూరంగా ఉన్న రసాయనపు పూత తెర మెరవడం గమనించారు. డిసెంబరు 22న భార్య బెర్తా చేతి ఎముకలను, వేలి ఉంగరంతో సహా, ఫోటో తీశారు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. పేటెంటూ తీసుకోలేదు.

ఒక్క పని మాత్రం ఆయనకు సాధ్యపడలేదు. మామూలు వెలుతురును కటకం ఒకచోటికి చేర్చినట్లు ఈ కిరణాలను చేర్చవచ్చునేమోనని పరీక్షించారు. అవి వంగినట్లు కనిపించలేదు. కటకం లేనిదే సూక్ష్మదర్శిని ఎలా?

1919లో బెర్తా కన్నుమూశారు. 1920లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. యుద్ధానంతరం మార్కు విలువ పడిపోయి, కూడబెట్టినది చాలామటుకు కరిగిపోయింది. ధరల పెరుగుదలకు నిలువ సొమ్ము ఎలా ఆవిరవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సరుతో మరణించారు.

ఆయనకు చిక్కని సూక్ష్మదర్శిని తరువాతి తరాలకు చిక్కింది. కటకానికి బదులు, అతి సన్నని వలయాలు చెక్కిన పలుచని పలకతో కిరణాలను ఒకచోటికి చేర్చారు. 1970ల్లో జర్మనీలోని గొట్టింజెన్ శాస్త్రజ్ఞులు ఇందుకు బాట వేశారు. తగిన ఎక్స్ కిరణాలను ఎంచుకుంటే అవి నీటిని దాటిపోతాయి, కణంలోని కర్బన పదార్థం దగ్గర మాత్రం ఆగుతాయి. అందుచేత జీవకణాన్ని కోయకుండా, రంగు వేయకుండా, గడ్డకట్టించి అన్ని వైపుల నుంచీ లోపలి భాగాలను చిత్రించవచ్చు. మామూలు సూక్ష్మదర్శినికి సుమారు 200 నానోమీటర్ల కంటె చిన్న వివరాలు విడివిడిగా కనబడవు. ఇందులో కొన్ని పదుల నానోమీటర్లవి కూడా కనబడతాయి. మిల్లీమీటరుకు 10 లక్షల నానోమీటర్లు.

పేటెంటు అడ్డులేని ఆ కిరణాలపై ఎవరైనా పనిచేయగలిగారు. మీ మనవలు, మనవరాళ్లలో సైన్సు చదివేవారుంటే ఈ పెద్దాయన సంగతి తప్పక చెప్పండి.