బేరం లేని దుకాణం: కలకత్తాలో రాబర్ట్ లైడ్‌లా

రాబర్ట్ లైడ్‌లా 1856లో స్కాట్లాండ్‌లో పుట్టారు. 1877లో కలకత్తా వచ్చారు. అయిదేళ్లకు ఎడ్వర్డ్ వైటవేతో కలిసి బట్టలు, ఇంటి సామాన్ల దుకాణం తెరిచారు. దొరలు ఖాతా రాయించుకుని తీరిగ్గా చెల్లించే రోజులవి. లైడ్‌లా మాత్రం అరువు ఇవ్వలేదు. నగదు పట్టుదలపై జనం దుకాణం పేరునే మార్చి చమత్కరించారు. ధరలు అచ్చేసిన కేటలాగులు దూరపు ఊళ్లకూ వెళ్లేవి. 1905 నాటికి చౌరంగీలో గడియారపు గోపురంతో భవనం లేచింది. రంగూన్, సింగపూర్, షాంఘైలకు శాఖలు విస్తరించాయి. 1906లో బ్రిటన్ ఎంపీ అయ్యి నల్లమందు వ్యాపారాన్ని వ్యతిరేకించారు. 1915లో మరణించారు.

ఇప్పుడు కోల్‌కతాలో విద్యుత్ కారు కొనేవారిదీ పాత ప్రశ్నే. ఎక్స్-షోరూం ధర బోర్డు మీదే ఉంటుంది. తేడా వచ్చేది బీమా, యాక్సెసరీలు, పాత కారు మార్పిడి దగ్గర. అక్కడ బేరమాడటం తెలిసినవారికి దక్కిన తగ్గింపు, తెలియనివారి జేబులోంచే వస్తుంది. ఒకే ధర ఆ అన్యాయాన్ని తీరుస్తుంది. అయితే ఒకే ధర అంటే తక్కువ ధర అని కాదు. లైడ్‌లా భవనం వెనకే బేరాలకు పేరుపడ్డ న్యూ మార్కెట్ ఉండేది. నచ్చనివారు అటు నడిచేవారు. ఆ రెండో దారి ఉన్నప్పుడే ఒకే ధరను నమ్మగలం.